పాఠకుల ప్రశ్నలు: మెమోరియల్ డే నాడు పిల్లలతో ఏం చేయాలి?

మే నెల చివరి సోమవారం దగ్గర పడుతుండటంతో అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి మెమోరియల్ డే గురించి కొన్ని ఉత్తరాలు వచ్చాయి. ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మాకు పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి ఉన్నారు. ఇన్నేళ్లుగా మెమోరియల్ డే అంటే మాకు మూడు రోజుల సెలవు, స్నేహితుల ఇంట్లో బార్బెక్యూ, దుకాణాల్లో డిస్కౌంట్లు, అంతే. మొన్న మా వాడు "అమ్మా, ఈ సెలవు ఎందుకిస్తారు?" అని అడిగితే "సైనికుల కోసం" అని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆ రోజు కుటుంబమంతా కలిసి చేయదగినది ఏమైనా చెప్పగలరా?

జవాబు: మీ జవాబులో తప్పు లేదు, కొంచెం మిగిలిపోయింది. సైనిక విధులలో ప్రాణాలు కోల్పోయి ఇంటికి తిరిగి రాని సైనికుల కోసం ఈ సెలవు. సైన్యంలో పనిచేసి వచ్చినవారిని గౌరవించడానికి నవంబర్ 11న వెటరన్స్ డే ఉంది. ఇప్పుడు సైన్యంలో ఉన్నవారి కోసం మే నెల మూడో శనివారం ఆర్మ్‌డ్ ఫోర్సెస్ డే ఉంది. మెమోరియల్ డే మాత్రం చనిపోయినవారిది. ఈ తేడా తెలియక చాలామంది ఆ రోజు కనిపించిన ప్రతి మాజీ సైనికుడికీ కృతజ్ఞతలు చెబుతుంటారు. విన్నవారు మర్యాదగా తల ఊపినా, ఈ రోజు తమది కాదనీ, తమతో పాటు వెళ్లి తిరిగి రాని మిత్రులదనీ వారిలో అనేకులు భావిస్తారు.

మీ అబ్బాయికి ఈ రోజు పుట్టుక గురించి చెప్పాలనుకుంటే 1865 మే 1న సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో జరిగిన సంఘటనతో మొదలుపెట్టండి. అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగి ఆరు లక్షల మందికి పైగా సైనికులను బలిగొన్న అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. ఆ ఊరి గుర్రప్పందేల మైదానాన్ని దక్షిణాది సైన్యం చెరసాలగా వాడుకుంది. అక్కడ బందీలుగా ఉండి మరణించిన ఉత్తరాది సైనికులను ప్రేక్షకుల గ్యాలరీ వెనుక ఒకే గుంటలో పూడ్చిపెట్టారు. బానిసత్వం నుంచి అప్పుడే విముక్తి పొందిన నల్లజాతి ప్రజలు ఆ మృతదేహాలను వెలికితీసి, ఒక్కొక్కరిని విడివిడిగా, గౌరవంగా ఖననం చేశారు. మే 1న దాదాపు పది వేల మంది ఊరేగింపుగా వచ్చి ఆ సమాధులను పూలతో కప్పారు. ఆ ఊరేగింపుకు ముందు నడిచింది సుమారు మూడు వేల మంది బడి పిల్లలు. తరువాత 1868లో, ఉత్తరాది మాజీ సైనికుల సంఘానికి అధిపతిగా ఉన్న జనరల్ జాన్ లోగన్ మే 30ని సమాధుల అలంకరణ దినంగా పాటించాలని ఆదేశమిచ్చినప్పుడు, వాషింగ్టన్ పక్కనున్న సైనిక శ్మశానవాటిక ఆర్లింగ్టన్‌లో పూలు చల్లినవారిలో సైనికుల అనాథ పిల్లలు ఉన్నారు. మొదటి నుంచీ ఈ రోజున పిల్లలు ముందు వరసలోనే నిలబడ్డారని మీ వాడికి తెలిస్తే, ఇది పెద్దవాళ్ల ఉపన్యాసాల రోజని అనుకోడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అన్ని యుద్ధాలలో మరణించినవారికీ ఇది వర్తించింది. 1971 నుంచి మే చివరి సోమవారానికి మారింది.

ఇక ఏం చేయాలన్న ప్రశ్న. చాలా చోట్ల సూచించేవి ఎరుపు, తెలుపు, నీలం రంగుల కాగితపు జెండాలు, అవే రంగుల కప్‌కేకులు. వాటిని వద్దనను గానీ, వాటివల్ల పిల్లలకు ఈ రోజు గురించి తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. నేను గట్టిగా సూచించేది ఒక్కటే: మీ కుటుంబం చనిపోయిన ఒక సైనికుడి పేరు ఎంచుకోండి. ఒకే ఒక్క పేరు. లక్షల మంది చనిపోయారంటే తొమ్మిదేళ్ల పిల్లవాడికి అది లెక్కల పుస్తకంలోని అంకె. ఒక మనిషి పేరు, ఊరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ తెలిస్తే ఆ మనిషికి ఒక అమ్మ ఉండేదని వాడికి ఎవరూ చెప్పకుండానే తోస్తుంది.

ఆ పేరు కోసం దూరం వెళ్లనక్కరలేదు. అమెరికాలో చాలా ఊళ్లలో మునిసిపల్ భవనం ముందో, గ్రంథాలయం పక్కనో, పార్కులోనో ఆ ఊరి నుంచి యుద్ధాలకు వెళ్లి మరణించినవారి పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. రోజూ కారులో దాటిపోయే ఆ రాయి దగ్గర ఒక సాయంత్రం ఆగండి. పిల్లలనే పేరు ఎంచుకోనివ్వండి. తమ ఇంటి పక్క వీధికి అదే పేరు ఉందని అమ్మాయి గమనించవచ్చు, తన స్నేహితుడి ఇంటిపేరే కనిపించిందని అబ్బాయి చెప్పవచ్చు. ఆ కారణాలు చాలు. తరువాతి పని మీ అమ్మాయిది. ఊరి గ్రంథాలయంలో స్థానిక చరిత్ర విభాగం ఉంటే అక్కడి సిబ్బంది పాత పత్రికలు వెతకడంలో సాయం చేస్తారు. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు ఇస్తే సమాధి ఎక్కడుందో చూపే వెతుకులాట సదుపాయం ఉంది. విదేశాలలోని అమెరికన్ సైనిక శ్మశానవాటికలలో ఖననమైనవారి వివరాలు అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ దగ్గర దొరుకుతాయి. వియత్నాం యుద్ధంలో మరణించిన వ్యక్తి అయితే, వాషింగ్టన్ నగరంలోని వియత్నాం స్మారకం మీదున్న ప్రతి పేరుకూ ఒక ఫోటో సేకరించి పెట్టిన వెబ్‌సైట్ ఉంది. ఆ ముఖం చూశాక పద్నాలుగేళ్ల పిల్ల ఫోను పక్కన పెట్టి మీతో మాట్లాడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ ముఖం చాలాసార్లు తనకంటే నాలుగైదేళ్లు మాత్రమే పెద్దవాడిది.

మీరు న్యూజెర్సీలో ఉన్నారు కనుక హోమ్‌డెల్‌లోని వియత్నాం స్మారకానికి తప్పకుండా వెళ్లండి. అక్కడ వలయాకారంలో 366 నల్లరాతి పలకలు ఉంటాయి, ఏడాదిలో ఒక్కో తేదీకి ఒక పలక. ఆ తేదీన మరణించిన న్యూజెర్సీ సైనికుల పేర్లు ఆ పలక మీద చెక్కి ఉంటాయి. మీ పిల్లలు తమ పుట్టినరోజు పలక దగ్గరకు వెళ్లి చదువుకోవచ్చు. కేక్ కోసే తేదీనే ఎవరి ఇంటి బిడ్డో మరణించాడని తెలియడం వారికి భారంగానే ఉంటుంది, కానీ ఆ వయసు పిల్లలు మోయగలిగిన భారమే అది.

శ్మశానవాటికకు వెళితే సమాధి రాయిని ఎలా చదవాలో చూపించండి. పేరు, హోదా, సైనిక విభాగం, యుద్ధం, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, మతచిహ్నం ఉంటాయి. కొన్నింటి మీద కుటుంబం రాయించిన ఒక చిన్న వాక్యం కూడా ఉంటుంది. వయసు లెక్కకట్టే పని అబ్బాయికి ఇవ్వండి. కొన్ని రాళ్ల మీద నాణేలు కనిపిస్తాయి. వాటిని తీయవద్దని ముందే చెప్పండి. ఒక సెంటు నాణెం ఎవరో వచ్చి చూసి వెళ్లారనడానికి గుర్తు, ఐదు సెంట్ల నాణెం కలిసి శిక్షణ పొందినవారిదనీ, పది సెంట్లది కలిసి పనిచేసినవారిదనీ, పావు డాలరు ఆ సైనికుడు చనిపోయినప్పుడు పక్కనే ఉన్నవారిదనీ వాడుక. ఎంచుకున్న పేరు ఉన్న సమాధి దొరికితే ఆ పేరును పైకి చదివి, పూలు పెట్టండి. విడిపూలో, గుత్తిగా కట్టినవో చాలు. గాజు పాత్రలు, వెలిగించే వత్తులు, అగరుబత్తులు తీసుకువెళ్లవద్దు. ఒక్కో చోట ఒక్కో నియమం ఉంటుంది కనుక గేటు దగ్గరి బోర్డు చదవండి.

ముందు శనివారమో, ఆ వారంలోనో స్కౌట్ పిల్లలు, స్వచ్ఛంద కార్యకర్తలు సమాధుల ముందు చిన్న జెండాలు నాటుతారు. సమీపంలోని శ్మశానవాటిక కార్యాలయానికి ఫోన్ చేస్తే మీ కుటుంబం కూడా చేరవచ్చేమో చెబుతారు. ఆర్లింగ్టన్‌లో ఈ పని ఓల్డ్ గార్డ్ అనే సైనిక దళం 1948 నుంచి చేస్తోంది. సైనికుడు బూటు కొనను రాయికి ఆనించి, మడమ ఉన్న చోట జెండాను గుచ్చుతాడు. రెండు లక్షల అరవై వేలకు పైగా రాళ్ల ముందు ప్రతి జెండా అదే దూరంలో ఉంటుంది. మీ పిల్లలు కూడా అలాగే తమ పాదంతో కొలిచి, వంగి, నేల మెత్తగా ఉందో గట్టిగా ఉందో చేత్తో చూసుకుని నాటితే, ఆ పని ఎంత శ్రద్ధతో చేయాలో వారికి వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. కొడుకు ఇంటికి డాలస్ వచ్చాను. కొడుకు, కోడలు ఇక్కడి పౌరులు కారు, వీసా మీద ఉన్నారు. మనుమరాలిని సైనిక శ్మశానానికి తీసుకువెళదామంటే "మనకెందుకు నాన్నా, అది వాళ్ల పండగ" అంటున్నాడు మా వాడు. మనం వెళ్లడం సబబేనా?

జవాబు: సబబే, పెద్దాయనా. నిస్సంకోచంగా వెళ్లండి. గేటు దగ్గర మీ పౌరసత్వం ఎవరూ అడగరు. ఇంకా పెద్ద మాట ఏమిటంటే, అక్కడ నిద్రిస్తున్నవారందరూ కూడా పౌరులుగా సైన్యంలో చేరినవారు కారు. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు అమెరికా సైన్యంలో చేరవచ్చు. అలా చేరి విధులలో మరణించినవారికి మరణానంతరం పౌరసత్వం ఇచ్చే చట్టం కూడా ఈ దేశంలో ఉంది. సమాధి రాళ్ల మీద చెక్కడానికి ప్రభుత్వం అనుమతించిన మతచిహ్నాలలో శిలువతో పాటు ఓంకారం ఉంది, సిక్కుల ఖండా ఉంది, నెలవంక ఉంది, ధర్మచక్రం ఉంది. మీ మనుమరాలితో కలిసి ఆ వరసల మధ్య నడుస్తూ ఈ చిహ్నాలను గమనించండి. "వాళ్ల పండగ" అన్న మాటకు మీ అబ్బాయికి అక్కడే సమాధానం దొరుకుతుంది.

చనిపోయిన యోధులను ఏటా పేరుపేరునా తలుచుకోవడం మనకు కొత్త కాదు. కార్తీక మాసంలో కారెంపూడిలో పల్నాటి వీరులకు ఉత్సవం జరిగినప్పుడు ఊరు ఊరంతా చేసే పని ఇదే. ఉపాధ్యాయులుగా మీకు అది చెప్పడం బాగా తెలుసు. మనుమరాలికి రెండు కథలూ పక్కపక్కన చెప్పండి.

డాలస్‌లో మౌంటెన్ క్రీక్ సరస్సు దగ్గర డాలస్-ఫోర్ట్ వర్త్ జాతీయ శ్మశానవాటిక ఉంది. 2000 సంవత్సరంలో ప్రారంభమైంది. మే చివరి నాటికి అక్కడ ఎండ ఎక్కువగా ఉంటుంది కనుక పొద్దున్నే బయలుదేరండి, టోపీ, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. జాతీయ గీతం వినిపించినప్పుడు లేచి నిలబడితే చాలు. గుండె మీద చేయి పెట్టుకోవాలన్నది పౌరులకు చెప్పిన మర్యాద. ఇతర దేశాలవారు నిటారుగా, కదలకుండా నిలబడటమే సంప్రదాయం. బ్యూగిల్ అనే బాకా మీద ట్యాప్స్ అనే రాగం వినిపిస్తారు. అందులో ఉన్నవి 24 స్వరాలే. 1862లో వర్జీనియాలోని యుద్ధ శిబిరంలో జనరల్ బటర్‌ఫీల్డ్ దాన్ని కూర్పించారు. అది మోగుతున్నంతసేపు ఫోటోలు తీయవద్దు.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. ఆ రోజు మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కలిసి బార్బెక్యూ చేసుకుంటాం. అమరవీరుల రోజున ఇలా విందు చేసుకోవడం తప్పా? అంత చిన్న పిల్లకు మరణం గురించి చెప్పవచ్చా?

జవాబు: విందు తప్పు కాదు. ఆ రోజు ఏ సంగతీ గుర్తు లేకుండా విందు మాత్రమే జరిగితే అది లోటు. 2000 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, మెమోరియల్ డే మధ్యాహ్నం మూడు గంటలకు ఎక్కడివారు అక్కడ, తమ స్థానిక కాలం ప్రకారం, ఒక నిమిషం ఆగి మౌనంగా తలుచుకోవాలని పిలుపునిచ్చింది. దీని వెనుక ఒక సంగతి ఉంది. అంతకు కొన్నేళ్ల ముందు వాషింగ్టన్ చూడటానికి వచ్చిన బడి పిల్లలను మెమోరియల్ డే అంటే ఏమిటని అడిగితే, ఈత కొలనులు తెరిచే రోజని చెప్పారట. ఆ జవాబు విన్నవారి బాధ నుంచే ఈ నిమిషం పుట్టింది. జనం సెలవు ఆనందంలో ఉండే వేళ కనుకనే మూడు గంటలను ఎంచుకున్నారు. కాబట్టి మీ బార్బెక్యూ మధ్యలోనే ఆ నిమిషాన్ని పాటించండి. మూడింటికి ఐదు నిమిషాల ముందు పాటలు ఆపి, గ్రిల్ మీదవి పక్కకు తీసి, పిల్లలందరినీ పిలిచి, ఒక పెద్దవారు ఒక సైనికుడి పేరు, వయసు, ఊరు చదవాలి. తరువాత ఒక నిమిషం మౌనం. చిన్న పిల్లలకు ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది, కదులుతారు. కసరవద్దు.

ఐదేళ్ల పాపకు నిజమే చెప్పండి, చిన్న మాటల్లో. "వాళ్లు అందరినీ కాపాడే పనికి వెళ్లారు, అక్కడ చనిపోయారు, ఇక ఇంటికి రాలేరు, వాళ్ల వాళ్లకు వాళ్లు ఎప్పుడూ గుర్తొస్తుంటారు, అందుకే మనమూ తలుచుకుంటున్నాం" అంటే సరిపోతుంది. "నిద్రపోతున్నారు" అని మాత్రం అనవద్దు. ఆ మాట విన్న పిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడతారు. నాన్న కూడా చనిపోతాడా అని అడిగితే, నాన్న ఇక్కడే నీ దగ్గరే ఉన్నాడని చెప్పి దగ్గరకు తీసుకోండి. అంతకు మించి వివరించే వయసు కాదు.

మెమోరియల్ డే ముందు శుక్రవారం దుకాణాల ముందు అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం వారు ఎర్రటి పాపీ పూలు పంచుతుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు తవ్విపోసిన బెల్జియం, ఫ్రాన్స్ నేలల మీద ఎర్రగా పూసిన పువ్వు అది. పాప చేతితోనే విరాళం వేయించి, ఆ పువ్వును గౌనుకు పెట్టండి.

ప్రశ్న: మా పక్కింటి దంపతుల కొడుకు అఫ్ఘానిస్తాన్‌లో చనిపోయాడు. వారి కిటికీలో బంగారు నక్షత్రం ఉన్న చిన్న జెండా కనిపిస్తుంది. ఆ రోజు వారి ఇంటికి వెళ్లాలని ఉంది. కానీ ఏం మాట్లాడాలో తెలియక ఏటా ఆగిపోతున్నాను.

జవాబు: ఈసారి ఆగవద్దు. సైన్యంలో ఉన్న బిడ్డ కోసం ఇంటి కిటికీలో నీలి నక్షత్రం పెట్టడం మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి ఉన్న అలవాటు. ఆ బిడ్డ మరణిస్తే నీలి నక్షత్రం స్థానంలో బంగారు నక్షత్రం వస్తుంది. అందుకే వారిని గోల్డ్ స్టార్ కుటుంబాలు అంటారు. ఆ నక్షత్రం కిటికీలో ఉందంటే తమ బిడ్డ ఉన్నాడనీ, లేకుండా పోయాడనీ నలుగురికీ తెలియాలని వారు కోరుకుంటున్నట్టే.

బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు మనవైపు నుంచి కలిగే పెద్ద బాధ, ఆ బిడ్డ పేరు ఎవరూ ఎత్తకపోవడం. ఎత్తితే ఏడుస్తారేమోనని మనం జంకుతాం. ఏడవనివ్వండి. మనం మాట్లాడకపోయినా వారు ఆ బిడ్డ గురించే ఆలోచిస్తుంటారు. కాసిని పూలు, మీరు వండినది ఏదైనా తీసుకుని వెళ్లి, "ఈ రోజు మీ అబ్బాయిని తలుచుకుంటున్నాం" అని ఆ అబ్బాయి పేరు పెట్టి చెప్పండి. వారు కూర్చోమంటే, "చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?" అని అడిగి వినండి. ఎలా చనిపోయాడని అడగవద్దు. యుద్ధం మంచిదా చెడ్డదా అన్న చర్చకు అది సమయం కాదు. "కాలమే మాన్పుతుంది", "దేవుడు తీసుకుపోయాడు" అన్న మాటలు మన దగ్గర ఓదార్పు కోసమే అంటాం గానీ, వారికి అవి నొప్పి కలిగించవచ్చు. "హ్యాపీ మెమోరియల్ డే" అని అసలే అనవద్దు.

మీ పిల్లలను కూడా తీసుకువెళ్లండి. ఆ అబ్బాయికి తమ్ముడో చెల్లెలో, భార్యాబిడ్డలో ఉంటే, 1994 నుంచి పనిచేస్తున్న ట్యాప్స్ అనే సంస్థ ఇలాంటి కుటుంబాలకు తోడుగా ఉంటుంది. మెమోరియల్ డే సెలవులలో వాషింగ్టన్ ప్రాంతంలో పిల్లల కోసం ప్రత్యేక శిబిరం కూడా నడుపుతుంది. ఈ సంగతి వారికి తెలిసే ఉంటుంది. మీకు తెలిసి ఉండటం మంచిది.

ప్రశ్న: ఆ మూడు రోజులూ పిల్లలతో వాషింగ్టన్ వెళుతున్నాం. ఏం చూడాలి?

జవాబు: ఎక్కువ చోట్లు పెట్టుకోకండి. శనివారం ఆర్లింగ్టన్‌కు ఇవ్వండి. సోమవారం అక్కడ జనం విపరీతంగా ఉంటారు. పెద్దలు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. 4 లక్షల మందికి పైగా అక్కడ ఖననమై ఉన్నారు. 1921లో ఏర్పాటైన అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర కాపలా 1937 నుంచి రాత్రింబవళ్లు ఆగలేదు. కాపలా సైనికుడు 21 అడుగులు వేసి, తిరిగి 21 సెకన్లు ఆగుతాడు. పిల్లలను మనసులోనే లెక్కపెట్టమనండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు పగటి పూట అరగంటకోసారి కాపలా మారుతుంది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలలో మరణించిన అనేకులు సెక్షన్ 60లో ఉన్నారు. అక్కడ కుటుంబాలు సమాధుల పక్కన కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంటాయి కనుక దూరం నుంచే నడిచి రండి.

ఆదివారం వియత్నాం గోడ. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ గీసిన నమూనా ప్రకారం 1982లో కట్టిన ఆ నల్లరాతి గోడ మీద 58 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. హోదాలు లేవు, ఎవరు ఏ రోజు పడిపోతే ఆ వరసలోనే ఉంటారు. కనుక ఒకే రోజు కలిసి మరణించినవారు గోడ మీద కూడా పక్కపక్కనే ఉన్నారు. పేరు పక్కన వజ్రం ఆకారం ఉంటే మరణం నిర్ధారణ అయిందని, శిలువ ఆకారం ఉంటే ఆచూకీ తెలియలేదని అర్థం. పేరు ఏ పలకలో ఉందో చూసుకునే పుస్తకం అక్కడే ఉంటుంది. పేరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. ఇక్కడ దానికి అభ్యంతరం లేదు. మీ ఊరివాడి పేరు ముందే వెతికి పెట్టుకుని వెళ్లండి. దగ్గరలోనే రెండో ప్రపంచ యుద్ధ స్మారకం గోడ మీద 4,048 బంగారు నక్షత్రాలు ఉన్నాయి. ఒక్కో నక్షత్రం వంద మంది మృతులకు గుర్తు. గుణించే పని పిల్లలకే వదిలేయండి.

ఆదివారం సాయంత్రం క్యాపిటల్ అనే కాంగ్రెస్ భవనం పచ్చికలో కచేరీ, సోమవారం కాన్‌స్టిట్యూషన్ అవెన్యూలో కవాతు ఉంటాయి. చిన్న పిల్లలుంటే కచేరీని టీవీలో చూడటమే సుఖం.

ప్రశ్న: మా ఇంటి ముందు జెండా ఉంది. ఆ రోజు దాన్ని ఎలా ఎగరేయాలి?

జవాబు: పొద్దున జెండాను చురుగ్గా స్తంభం పైదాకా ఎత్తి, అక్కడి నుంచి నెమ్మదిగా సగానికి దించాలి. మధ్యాహ్నం పన్నెండు వరకు అవనతంగా ఉంచి, ఆ తరువాత మళ్లీ పైదాకా ఎత్తాలి. గోడకు ఏటవాలుగా బిగించిన కర్రకు సగం దించడం కుదరదు కనుక, దాని కొన దగ్గర నల్ల రిబ్బన్ కడతారు. రాత్రి జెండా మీద వెలుగు పడే ఏర్పాటు లేకపోతే చీకటి పడేలోగా దించి మడిచి పెట్టండి. తాడు లాగే పని పిల్లలకు ఇవ్వవచ్చు, జెండా నేలకు తగలకుండా మీరు కింద పట్టుకోండి. చిరిగిన, వెలిసిన జెండాను చెత్తలో వేయకుండా సమీపంలోని అమెరికన్ లీజియన్ కార్యాలయంలో ఇస్తే, వారు దాన్ని పద్ధతి ప్రకారం దహనం చేస్తారు.